మంచినీళ్ళకి టిన్ను ఎందుకు పనికిరాదు?

వీధి చివర కొట్టులో ఫ్రిజ్ అద్దంలోంచి ఒకసారి చూడండి. కూల్ డ్రింకులు సీసాల్లోనూ ఉంటాయి, టిన్నుల్లోనూ ఉంటాయి. మంచినీళ్ళు మాత్రం ఎప్పుడు చూసినా ప్లాస్టిక్ సీసాలోనే. "టిన్నులో మంచినీళ్ళు ఇవ్వు బాబూ" అని అడిగితే కొట్టతను మనవంక వింతగా చూస్తాడు. అదీ తాగేదే, ఇదీ తాగేదే. మరి ఈ తేడా ఎందుకొచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా?

ముందుగా ఒక మాట. మన ఇళ్ళల్లో క్యాన్ అంటే 20 లీటర్ల నీళ్ళ డబ్బా. "క్యాన్ వేయించుకున్నారా?" అని పక్కింటివాళ్ళని అడుగుతుంటాం. దాని సంగతి తర్వాత చెప్తాను. ఇక్కడ టిన్ను అంటున్నది పైన చెవి లాగితే టప్పున తెరుచుకునే పలచటి అల్యూమినియం డబ్బా.

ఇదంతా తెలుసుకుంటే మనకేం ఒరుగుతుంది అనుకోకండి. డబ్బు పెట్టి కొంటున్న నీళ్ళు, పిల్లలకి తాగిస్తున్న నీళ్ళు! ఆ సీసా ఎందుకలా ఉందో తెలిస్తే, ఏం చూసి కొనాలో తెలుస్తుంది. ఎప్పుడు కొనక్కర్లేదో కూడా తెలుస్తుంది.

గ్యాసు ఉంటేనే టిన్నుకి బలం

ఏ పదార్థం ఏ పాత్రలో పెట్టాలో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆవకాయ జాడీలోనే పెడతాం. ఇత్తడి గిన్నెలో పులుసు కాచాలంటే లోపల కళాయి ఉండాల్సిందే. నీళ్ళు అమ్మే కంపెనీలవాళ్ళు వేసేదీ ఇదే లెక్క, కాకపోతే వాళ్ళు దానికి ఖర్చు కూడా కలుపుతారు.

కూల్ డ్రింకు టిన్ను గోడ మందం ఎంతో తెలుసా? దాదాపు మిల్లీమీటరులో పదో వంతు! అందుకే ఖాళీ టిన్నుని చిన్నపిల్లలు కూడా పిడికిట్లో నలిపేస్తారు. అదే తెరవని టిన్నుని నొక్కి చూడండి, రాయిలా ఉంటుంది. ఆ బలం రేకుది కాదు, లోపలున్న గ్యాసుది.

గోలీ సోడా గుర్తుందా? సీసా మెడలో గోలీ అంత గట్టిగా ఎలా ఆగుతుంది? లోపలి గ్యాసు దాన్ని పైకి నొక్కి పెడుతుంది. బొటనవేలితో గోలీని లోపలికి నొక్కగానే కీచుమని గ్యాసు బయటికొస్తుంది. 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన పేటెంటు తీసుకున్న సీసా అది. సోడాలోనూ, కూల్ డ్రింకులోనూ ఉండే గ్యాసు ఒకటే, కార్బన్ డయాక్సైడ్. టిన్నులో అది నాలుగు వైపులా గోడల్ని బయటికి తోస్తూ ఉంటుంది. సైకిలు ట్యూబు గాలి లేకపోతే వేలాడుతుంది, గాలి కొడితే మనిషిని మోస్తుంది కదా, అలాగన్న మాట. ఫ్రిజ్ బయట ఉన్న కూల్ డ్రింకు టిన్నులో ఒత్తిడి, కారు టైరులో ఉండే ఒత్తిడికి ఏమాత్రం తీసిపోదు.

ఇప్పుడు అదే టిన్నులో మంచినీళ్ళు పోసి మూత బిగించారనుకోండి. నీళ్ళలో గ్యాసు లేదు, గోడల్ని తోసేది ఏదీ లేదు. చేత్తో పట్టుకుంటేనే సొట్ట పడుతుంది. ఇక లారీలో ఒకదానిమీద ఒకటి పేరిస్తే అడుగు వరస గతి చెప్పక్కర్లేదు.

దీనికి ఉపాయం లేకపోలేదు. మూత పెట్టే ముందు ప్రతి టిన్నులోనూ ఒక్క చుక్క ద్రవ నైట్రోజన్ వేస్తారు. మైనస్ 196 డిగ్రీల దగ్గర మరిగే ద్రవం అది. నీళ్ళకి తగలగానే గ్యాసుగా మారి ఉబ్బుతుంది. ఈలోగా మూత పడిపోతుంది కాబట్టి లోపల ఒత్తిడి నిలిచి టిన్ను గట్టిపడుతుంది. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే కాబట్టి దానివల్ల హాని లేదు. కానీ దానికో యంత్రం, ఆ యంత్రానికో ఖర్చు. ప్లాస్టిక్ సీసాకైతే ఈ తంటా లేకపోయినా నడుస్తుంది.

నీళ్ళ రుచి దాగదు

అల్యూమినియం గిన్నెలో చింతపండు పులుసు రాత్రంతా వదిలేస్తే ఏమవుతుందో మనకి తెలుసు. పులుపు లోహాన్ని తింటుంది. కూల్ డ్రింకుల్లోనూ పులుపు ఉంటుంది. అందుకని టిన్ను లోపల కంటికి కనిపించనంత పలచగా ఒక పూత పూస్తారు. మన ఇత్తడి గిన్నె లోపలి కళాయి లాంటిదే అనుకోండి, కాకపోతే ఇది తగరం కాదు, ప్లాస్టిక్ జాతిది. కాబట్టి "టిన్ను అంటే అంతా లోహమే, ప్లాస్టిక్ బెడద లేదు" అనుకోవడానికి లేదు.

కూల్ డ్రింకులో చక్కెర, పులుపు, సెంటు వాసన దట్టంగా ఉంటాయి. వాటి మధ్య పూత వాసన కాస్త తగిలినా నాలుకకి తెలీదు. మంచినీళ్ళ సంగతి అలా కాదు. బిందె సరిగ్గా తోమకపోతే మొదటి గుక్కలోనే పట్టేస్తాం. కొత్త కుండలో పోసిన నీళ్ళకీ, పాత కుండలో నీళ్ళకీ తేడా చెప్పేస్తాం. టిన్నులో నీళ్ళు అమ్మాలంటే పూత విషయంలో ఇంకా జాగ్రత్త పడాలి.

ఇంకొకటి కంటి నమ్మకం. నీళ్ళని గ్లాసులో పోసి, వెలుగుకి పట్టి, నలక లేదని చూసుకుని తాగడం మన పెద్దవాళ్ళ అలవాటు. సీసా అయితే కొనేముందే కంటికి కనిపిస్తుంది. టిన్నులో ఏముందో తెరిచేదాకా తెలీదు. తేటగా కనిపించినంత మాత్రాన నీళ్ళు మంచివని కాదు గానీ, మురికిగా ఉంటే కొనకుండా తప్పించుకోవచ్చు.

ప్లాస్టిక్ మరచెంబు

అన్నిటికంటే పెద్ద కారణం మూత. టిన్ను చెవి లాగామంటే మళ్ళీ మూసేది లేదు, తాగేయాల్సిందే. కూల్ డ్రింకు అలా తాగేసినా సరిపోతుంది. మంచినీళ్ళు ఎవరైనా అలా తాగుతారా? విజయవాడలో రైలెక్కి సికింద్రాబాదులో దిగేలోపు పదిసార్లు సీసా మూత తీస్తాం, పదిసార్లు బిగిస్తాం. రెండు గుక్కలు పాపకి, మందు బిళ్ళ వేసుకోవడానికి ఒక గుక్క, చెయ్యి కడుక్కోవడానికి కాసిని. తర్వాత సీసాని సంచిలో పడేస్తే చుక్క కారదు.

ఇది కొత్త అవసరం కూడా కాదు. వెనకటివాళ్ళు ప్రయాణానికి మరచెంబు పట్టుకెళ్ళేవారు. మర తిప్పితే మూత బిగుస్తుంది, ఎడ్లబండి కుదుపుకి కూడా నీళ్ళు ఒలకవు. ఇవాళ్టి నీళ్ళసీసా పనిలో ఆ మరచెంబే. ఇత్తడి పోయి ప్లాస్టిక్ వచ్చింది.

ఆ ప్లాస్టిక్ పేరు పెట్. సీసా అడుగున త్రికోణంలో 1 అంకె ఉంటుంది చూడండి, అదే దాని గుర్తు. 1973లో అమెరికాలో నథేనియల్ వైయత్ అనే ఇంజనీరు పెట్ సీసాకి పేటెంటు తీసుకున్నాడు. గ్యాసు ఒత్తిడికి పగలని ప్లాస్టిక్ సీసా చేయాలని ఆయన పట్టుదల. కూల్ డ్రింకు కోసం పుట్టిన సీసా, నీళ్ళకి ఇంకా బాగా కుదిరింది.

దాన్ని చేసే పద్ధతి కూడా కంపెనీలకి కలిసొచ్చింది. ముందు పిల్లలు సైన్సు ల్యాబులో వాడే పరీక్షనాళిక లాంటి చిన్న గొట్టం పోస్తారు. మూతకి కావలసిన మరలు అప్పటికే దాని మెడకి ఉంటాయి. దాన్ని వేడిచేసి, అచ్చులో పెట్టి గాలి కొడితే బుడగలా ఉబ్బి సీసా అవుతుంది. నీళ్ళు నింపే చోటనే ఈ పని చేసుకోవచ్చు. బస్తాలకొద్దీ గొట్టాలు తెచ్చుకుంటే లారీలకొద్దీ సీసాలవుతాయి. టిన్నులయితే పూర్తి సైజులో ఖాళీగా మోసుకురావాలి. అంటే లారీ బాడుగ గాలికి కట్టినట్టే! పైగా ఖనిజం నుంచి కిలో అల్యూమినియం తీయడానికి సుమారు 14, 15 యూనిట్ల కరెంటు కావాలి.

మన దేశంలో సీసా నీళ్ళు మొదలైనప్పుడు అవి గాజువే. 1965లో బొంబాయిలో బిస్లరీ అనే ఇటలీ పేరుతో అమ్మారు. 1969లో పార్లే వాళ్ళు దాన్ని కొన్నారు. గాజు బరువు, పగిలే భయం. చవక ప్లాస్టిక్ వచ్చాకే నీళ్ళ సీసా బస్టాండుకీ, రైల్వే ప్లాట్‌ఫారానికీ దిగింది. 2003లో రైల్వే సంస్థే రైల్ నీర్ మొదలుపెట్టింది. 2025 సెప్టెంబరు 22 నుంచి దాని లీటరు సీసా ధర 15 రూపాయల నుంచి 14 రూపాయలకి తగ్గించారు. ఇలాంటివి గుర్తుంచుకుంటే ప్లాట్‌ఫారం మీద ఎక్కువ అడిగినప్పుడు నోరు విప్పవచ్చు.

టిన్ను నీళ్ళు అసలు లేవా?

ఉన్నాయి. అమెరికాలో ఒక పెద్ద బీరు కంపెనీ 1988 నుంచి తుపానులు, వరదలు వచ్చినచోటికి టిన్నుల్లో మంచినీళ్ళు పంపుతోంది. బీరు నింపే చోటే కాసేపు నీళ్ళు నింపుతారన్న మాట. 2019 నుంచి అక్కడ మామూలు కొట్లలో కూడా టిన్ను నీళ్ళు బాగా కనిపిస్తున్నాయి. ఆ ఏడాది ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో ప్లాస్టిక్ సీసాల్లో నీళ్ళు అమ్మడం ఆపేశారు. పాత అల్యూమినియాన్ని కరిగించి మళ్ళీ వాడితే, కొత్తది తీయడానికి పట్టే శక్తిలో 95 శాతం మిగులుతుంది. కాలవల్లో ప్లాస్టిక్ చూసి విసిగిపోయినవాళ్ళు టిన్నుని మెచ్చుకునేది అందుకే.

మన తిరుమలలో ఇంకో దారి పట్టారు. ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు మాన్పించి గాజు సీసాలు పెట్టారు. సీసా తిరిగిస్తే డిపాజిట్టు డబ్బు వెనక్కి ఇస్తారు. వెనకటి సోడాబుడ్డి పద్ధతే మళ్ళీ వచ్చింది!

ఇక మన క్యాన్ సంగతి

సీసాకీ, ఇంటికొచ్చే 20 లీటర్ల క్యాన్‌కీ ఒక పెద్ద తేడా ఉంది. సీసా ఒకసారి నింపేది. క్యాన్ మాత్రం ఇంటింటికీ తిరిగి మళ్ళీ మళ్ళీ నింపించుకునేది. అందుకని దాన్ని ఎలా కడిగారు, ఎలా మూత వేశారు అన్నదే అసలు ప్రశ్న.

మన ప్రాంతాల్లో ఈ క్యాన్‌లు ఇంతగా రావడానికి కారణం లేకపోలేదు. చాలాచోట్ల బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ జబ్బు గురించి 1937లోనే డాక్టర్లు రాశారు. నల్లగొండ బాధ అందరికీ తెలిసిందే. పళ్ళు గారపట్టడం, ఎముకలు వంగిపోవడం దాని లక్షణాలు. ఇక్కడ ఒక్క మాట బాగా గుర్తుంచుకోండి. నీళ్ళు కాస్తే సూక్ష్మక్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు పోదు. నీళ్ళు ఆవిరయ్యేకొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది కూడా. ఫ్లోరైడు ఉన్న ఊళ్ళో శుద్ధి చేసిన నీళ్ళు కొనడం విలాసం కాదు, అవసరం. ఆ బాధ లేకుండా, మంచి కుళాయి నీళ్ళు వచ్చే ఊళ్ళో అయితే తెర్ల కాగనిచ్చి, చల్లార్చి, వడగట్టుకుంటే చాలు. ప్రతి గుక్కా కొనక్కర్లేదు.

అందరం మినరల్ వాటర్ అని పిలిచేస్తాం గానీ, మనం కొనే సీసాలన్నీ అవి కావు. ఊటనీళ్ళని ఉన్నవున్నట్టు పట్టింది నేచురల్ మినరల్ వాటర్. బోరు నీళ్ళో, కుళాయి నీళ్ళో శుద్ధి చేసి నింపింది ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటర్. రెండిటికీ నియమాలు వేరు, ధర కూడా వేరు. లేబులు మీద ఏది రాశారో చూడండి. సీలూ, లేబులూ లేకుండా పట్టిచ్చే క్యాన్ నీళ్ళు ఈ రెండిట్లో దేనికిందకీ రావు. అక్కడ మనకున్నది ఆ నింపేవాడి శుభ్రత మీద నమ్మకం ఒక్కటే.

2001 మార్చి నుంచి సీసా నీళ్ళకి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరిగా ఉండేది. 2024 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ నిబంధన తీసేసింది. ఆ నవంబరులోనే ఈ నీళ్ళని ప్రమాదం ఎక్కువగా ఉండే ఆహారాల జాబితాలో చేర్చింది, అంటే తనిఖీలు గట్టిగా ఉండాలని. మనం చూడవలసింది లేబులు మీద 14 అంకెల లైసెన్సు నెంబరు, నింపిన తేదీ, బ్యాచి నెంబరు, కంపెనీ చిరునామా. వీటిలో ఏది లేకపోయినా ఆ సీసా వద్దు.

మూత మీద కన్నుండాలి

సీసాకి ఇచ్చే డబ్బులో పెద్ద విలువ ఆ బిగించిన మూతకే. ఎక్కడో నింపిన నీళ్ళు మన చేతికొచ్చేదాకా ఎవరూ ముట్టలేదని చెప్పే సాక్షి అదొక్కటే. కాబట్టి ఈ జాగ్రత్తలు మరిచిపోకండి.

మూత తిప్పగానే కింది రింగు టకటకమని తెగాలి. మెత్తగా ఊడి వచ్చిందంటే ముందే ఎవరో తీశారని అర్థం. వెనక్కి ఇచ్చేయండి.

సీసాని ఎండలో, నిలబెట్టిన కారులో వదిలెయ్యకండి. పెట్ తయారీలో యాంటిమొనీ అనే లోహం వాడతారు. వేడి పెరిగేకొద్దీ అది నీళ్ళలోకి ఎక్కువ దిగుతుందని పరీక్షల్లో తేలింది. నీడలో ఉంచితే ఆ బాధ చాలా తక్కువ.

అందులో వేడినీళ్ళు పోయకండి. పోస్తే సీసా ముడుచుకుపోవడం చూసే ఉంటారు. జ్వరం వచ్చిన పిల్లవాడికి కాచిన నీళ్ళు స్కూలుకి పంపాలంటే స్టీలు సీసాయే వాడండి.

ఖాళీ అయిన సీసాలని ఏడాదిపాటు ఫ్రిజ్‌లో తిప్పకండి. మెడ సన్నం కాబట్టి లోపల చెయ్యి పట్టదు, తోమడం కుదరదు, జిగురు పడుతుంది. పైగా 2018లో మన దేశంతో కలిపి 9 దేశాల్లో కొన్న 259 సీసాల నీళ్ళు పరీక్షిస్తే 93 శాతం సీసాల్లో సన్నటి ప్లాస్టిక్ రేణువులు కనిపించాయి. మూత తిప్పినప్పుడల్లా రాపిడికి కూడా కొన్ని రాలతాయి. అవి ఒంటికి చేసే చెరుపు ఎంతో శాస్త్రజ్ఞులు ఇంకా పరిశోధిస్తూనే ఉన్నారు. ఈలోగా మన జాగ్రత్తలో మనం ఉంటే నష్టమేముంది?

క్యాన్ వచ్చాక సీలు చూసి, మూతి తడిగుడ్డతో తుడిచి అప్పుడు బోర్లించండి. ఎండ తగిలేచోట పెడితే పచ్చగా పాచి పడుతుంది. తెరిచాక రెండు మూడు రోజుల్లో వాడేయండి. కుళాయి బిగించిన కుండనీ, స్టాండునీ వారానికోసారి కడగండి. లోపల వేలు పెడితే జారుడుగా తగిలితే ఇంకా ముందే కడగాలి. పెళ్ళిళ్ళకీ, గృహప్రవేశాలకీ పది క్యాన్‌లు దించినప్పుడు ఎవరో ఒకరు నిలబడి వాటి సీళ్ళు చూడండి. వంటవాళ్ళ లెక్క చూసుకున్నట్టే ఇదీనూ.

ప్రయాణంలో తాగేసిన సీసాని మూత తీసి, నలిపి పారెయ్యండి. నిలువుగా వదిలేస్తే ఎవడో ఏరుకుని, ఏ కుళాయి నీళ్ళో పట్టి మళ్ళీ అమ్మే ప్రమాదముంది. నలిపిన సీసాని ఎవరూ నింపలేరు.

ఇంటినుంచి బయలుదేరేటప్పుడు మాత్రం మీ మరచెంబు మీరు పట్టుకెళ్ళండి. ఇత్తడిది లేకపోతే స్టీలు సీసా. వెడల్పు మూతిది ఎంచుకుంటే లోపలికి బ్రష్షు పోతుంది, పీచు కూడా పోతుంది. నలుగురున్న ఇంట్లో నాలుగు సీసాలు ఒకసారి కొంటే ఏళ్ళ తరబడి వస్తాయి. ఒక్కో ప్రయాణానికి రెండు సీసాల నీళ్ళు కొనే ఖర్చు లెక్కవేసుకోండి, వాటి డబ్బు ఎప్పుడు తిరిగొస్తుందో మీకే తెలిసిపోతుంది.